చుట్టాల కుండ

రూతమ్మ కడిగిన సీసాకి వంక పెట్టే మనిషి గురజాల తాలూకాలో ఇంకా పుట్టలేదని ల్యాబు చూసే శేషగిరిరావు అంటుండేవాడు. ఆయన నోటి వెంట మంచిమాట రావడం అంత తేలిక కాదు. నరసరావుపేట నుంచి వచ్చి, గురజాలలో మిషన్ వాళ్ళ చిన్న ఆసుపత్రిలో పదేళ్ళుగా ఉద్యోగం చేస్తూ, హోటలు కాఫీ దగ్గర్నుంచి ఆసుపత్రి గోడగడియారం దాకా అన్నిటికీ వంకలు పెట్టిన మనిషి. అలాంటివాడు కూడా రూతమ్మ తొట్టి దగ్గరికొస్తే నోరు మెదిపేవాడు కాదు.

సీసా కడగడంలో ఏముందిలే అనుకునేవాళ్ళకి ఒక మాట చెప్పాలి. సబ్బు నీళ్ళలో బ్రష్షు పెట్టి తోమడం ఎవరైనా చేస్తారు. రూతమ్మ ఆ తర్వాత మూడుసార్లు మామూలు నీళ్ళతో, రెండుసార్లు ఆవిరి పట్టి దించిన నీళ్ళతో జాడించి, కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి చూసేది. లోపలి నీళ్ళు పలచటి పొరలా జారిపోతే సీసా శుభ్రమైనట్టు. ఎక్కడైనా బొట్టుగా నిలబడిందా, అక్కడ జిడ్డుందన్నమాట. మళ్ళీ మొదటికి. ఈ సంగతి ఆమెకెవరూ చెప్పలేదు. తనే చూసి పట్టుకుంది.

ఆమెది బెల్లంకొండ వైపు. మిషన్ బడిలో నాలుగో తరగతి దాకా చదివింది. పదహారో ఏట, అంటే పంతొమ్మిది వందల యాభైలో, నాపరాళ్ళపాలెం ఇన్నయ్యకిచ్చి పెళ్ళి చేశారు. గురజాలకి రెండు మైళ్ళ దూరంలో క్వారీ కూలీలు కట్టుకున్న ఇరవై రెండు ఇళ్ళే ఆ పాలెం. అటు క్రైస్తవులు, ఇటు వడ్డెరవాళ్ళు, మధ్యలో ఒక చేదబావి. నాలుగేళ్ళకి నిర్మల పుట్టింది. కాన్పుకని ఆసుపత్రిలో చేరిన రూతమ్మ, మూడో రోజు మంచం దిగి, ఆయా సీసాలు కడిగే తీరు చూడలేక తనే లాక్కుని కడిగింది. పెద్ద డాక్టరమ్మగారు అది చూసి నవ్వి, నెల తిరగ్గానే పన్లోకి రమ్మన్నారు. బాలింతరాలు మంచం మీద పడుకోవడం మానేసి ఉద్యోగం సంపాదించుకోవడం ఆ పాలెంలో అదే మొదలు.

ఇక ఆ బావి సంగతి. నాపరాయి పొరలు తొలిచి తవ్విన బావి. ఎండాకాలంలో కూడా నీళ్ళుండేవి, కానీ ఆ నీళ్ళలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, నోట్లో పోసుకుంటే నాలుక మందమైనట్టుంటుంది. పాలెం వాళ్ళకి అలవాటే. పరాయివాళ్ళకి పోయాలంటే మాత్రం ప్రాణం చచ్చిపోయేది. అందుకని ప్రతి ఇంట్లోనూ మూలకి ఒక చిన్న కుండ ఉండేది, చుట్టాల కుండ. మూడు మైళ్ళ అవతల నాగులేటి ఇసకలో చెలమ తవ్వితే తియ్యటి నీళ్ళు ఊరేవి. నాలుగు రోజులకొకసారి వెళ్ళి, ఒక్క బిందె తెచ్చి, ఆ కుండలో పోసి మూత పెట్టేవాళ్ళు. ఆ నీళ్ళు చుట్టాలకి. ఇంట్లో మనిషి ఎంత దప్పికైనా దాని మూత తీయకూడదు.

రూతమ్మ కాపరానికొచ్చిన కొత్తలో ఆ కుండ ఒకసారి ఖాళీగా ఉంది. ఆ రోజే నరసరావుపేట నుంచి పాదిరి అయ్యగారు ప్రార్థనకి వచ్చారు. దాహమన్నారు. కొత్తకోడలు ఏం చేస్తుంది, పెద్ద కుండలోంచి ముంచి ఇచ్చింది. ఆయన ఒక గుక్క పుచ్చుకుని, మొహం చిట్లించి, గుమ్మం పక్కన ఊశారు. ఆయన మర్చిపోయి ఉంటారు. రూతమ్మకి మాత్రం ఆ ఊసిన చోటు పదేళ్ళయినా గుర్తే. అప్పట్నుంచి ఆమె ఇంట్లో చుట్టాల కుండ ఒక్క పూట కూడా వట్టిపోలేదు.

ఆ పాలెంలో మగవాళ్ళు నలభై దాటకుండానే నడుం వంగిపోయేవాళ్ళు. ఇన్నయ్యకి ముప్ఫై అయిదేళ్ళకే మెడ తిరిగేది కాదు. ఎవరైనా వెనకనుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరగాల్సిందే. రాళ్ళు మోసి మోసి అనేవాళ్ళు, వాతమనేవాళ్ళు. పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు. గారపళ్ళు మా ఊరి గుర్తని నవ్వుకునేవాళ్ళు కూడా. అరవై ఒకటిలో నిర్మలకి ఏడేళ్ళు నిండాయి. ఒక రోజు పిల్ల పరిగెత్తుతుంటే మోకాలికి మోకాలు తగలడం రూతమ్మ చూసింది. క్వారీలో రాయి ఎత్తని పిల్ల. ఆ రోజు నుంచి పిల్ల నడిచినప్పుడల్లా ఆమె కళ్ళు ఆ మోకాళ్ళ మీదే.

సరిగ్గా అప్పుడే ఇశ్రాయేలు దేశపు డాక్టరమ్మ వస్తోందన్న కబురొచ్చింది.

ఈ మాట పాలెంలో ఎలా పేలిందో చెప్పలేం. గుడిలో ప్రార్థన నడిపించే ఉపదేశి జ్ఞానయ్య రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ప్రభువు నడిచిన నేల మీద నడిచిన మనిషి! తెల్లటి అంగీ, తల మీద ముసుగు, చేతిలో కర్ర ఉంటాయని ఆయన లెక్క. తీరా జీపులోంచి దిగింది ముప్ఫై ఏళ్ళ బక్కపలచటి మనిషి. మోకాళ్ళ కిందిదాకా గౌను, మగవాళ్ళ బూట్లు, ఎండకి కందిన ముక్కు. పేరు ఎలిషెవ. ఆ పేరు మన ఎలీసబెత్తేనని శేషగిరిరావు చెబితే కాస్త ఊరట కలిగింది. పాలెం ఆమెని ఎలీసబెత్తమ్మ అనే పిలిచింది.

జ్ఞానయ్య వదలకుండా అడిగాడు. "అమ్మా, యొర్దాను నది ఎంత ఉంటది?"

ఆమె నవ్వి ఇంగ్లీషులో ఏదో చెప్పింది. శేషగిరిరావు తెలుగులో చెప్పాడు. "మీ కృష్ణని చూశాక చెప్పడానికి సిగ్గేస్తోందట. వానల్లేని నెలల్లో మన పంటకాలవంత ఉంటుందట."

"రావుగారూ, మీరు సరిగ్గా తిప్పి చెప్పట్లా," అన్నాడు జ్ఞానయ్య. ఆయన ఆ తర్వాత కూడా నమ్మలేదు.

ఆమె ఎందుకొచ్చిందో రూతమ్మకి తొట్టి దగ్గర శేషగిరిరావే విడమర్చి చెప్పాడు. "వాళ్ళది కొత్త దేశం రూతమ్మా, మన స్వతంత్రం కన్నా ఒక ఏడు చిన్నది. పెద్ద చదువులు చదివినవాళ్ళని ఏటా కొందర్ని ఎంచి, ఫెలోషిప్పని ఇచ్చి పైదేశాలకి పంపుతారు. వెళ్ళి, రోగాల మీదా ఒంటి మీదా కొత్త సంగతులు నేర్చుకుని తిరిగి రావాలి. ఈమె చదివింది ఎముకల గురించి. లండన్‌లో సగం ఏడు చేసి, మిగతాది ఇక్కడ చేస్తానని అడిగి వచ్చింది."

"లండన్ వదిలేసి ఈడికా?" అంది రూతమ్మ. "ఎందుకంట?"

"వాళ్ళకి ఎడారి వైపు కొత్త ఊళ్ళు కడుతున్నారు. లోతు బావులు తవ్వుతున్నారు. ఆ నీళ్ళలో ఏదో లవణం ఉందట, ఫ్లోరైడు. అది తాగితే ఎముకలకేమవుతుందో, ఎంత ఉంటే ప్రమాదమో తేలాలి. మన వైపు నడుములు వంగినవాళ్ళ గురించి పెద్ద డాక్టరమ్మగారు రాసిన ఉత్తరం ఏదో పత్రికలో చూసిందట. ఏడాది చివర ఏం కనిపెట్టావని పైవాళ్ళు అడుగుతారు. చూపిస్తే రెండో ఏడు ఇస్తారు. లేకపోతే పెట్టె సర్దుకోవడమే."

రూతమ్మకి ఫెలోషిప్పు అర్థమయిందో లేదో గానీ, ఆ చివరి మాట బాగా అర్థమయింది. పని చూపిస్తేనే రేపు పని. క్వారీలో ఇన్నయ్యకీ అంతే.

ఎలిషెవ మొదటి వారంలోనే నిర్మలని చూసింది. సీసాల గది గుమ్మంలో కూర్చుని పలక మీద రాసుకుంటున్న పిల్లని లేపి, నిలబెట్టి, మోకాళ్ళ మధ్యా చీలమండల మధ్యా టేపు పెట్టి కొలిచింది. నోరు తెరిపించి పళ్ళు చూసింది. బుక్కులో రాసుకుని, పిల్ల చెంప మీద చెయ్యి వేసి, కొత్తగా నేర్చుకున్న తెలుగులో "మంచి పిల్ల" అంది.

"నా పిల్ల కాళ్ళు ఇంకా వంకరబోతాయా అని అడగండి బాబూ," అంది రూతమ్మ.

శేషగిరిరావు అడిగాడు. "ఎందుకు వంగుతున్నాయో తెలిస్తే ఆపొచ్చు. తెలియకపోతే ఆపలేం," అని జవాబొచ్చింది. రూతమ్మ ఆ మాటని ప్రార్థనలా మనసులో పెట్టుకుంది. ఆ రోజు నుంచి ఎలిషెవ పనికి వాడే సీసాలని ఇంకొకసారి ఎక్కువ కడిగేది.

ఆ సీసాలు మళ్ళీ వేరే రకం. గాజువి కావు, తెల్లటి ప్లాస్టిక్కువి. నొక్కితే లొట్టపడేవి. పాలెం ఆడవాళ్ళు వాటిని చూసి ముచ్చటపడ్డారు గానీ, లోపలి మురికి బయటికి కనపడని సీసా అంటే రూతమ్మకి మొదట గిట్టలేదు. నీళ్ళు పట్టే ముందు ఆ నీళ్ళతోనే సీసాని మూడుసార్లు జాడించాలనీ, అప్పుడే నింపాలనీ ఎలిషెవ చేసి చూపించింది. రూతమ్మ ఒక్కసారికే పట్టేసింది.

వచ్చే సోమవారం ఇంటింటికీ వచ్చి, రోజూ తాగే నీళ్ళు ఒక్కో సీసా పట్టుకుంటామని ఆదివారం గుడిలో చెప్పించారు. ఆ చెప్పింది జ్ఞానయ్య. ఊరికే చెబితే ఆయన జ్ఞానయ్య ఎందుకవుతాడు? ప్రభువు బావి దగ్గర ఒక పరాయి ఆడమనిషిని దాహమడిగిన సంగతి తీసుకుని గంటసేపు ప్రసంగం చేశాడు. ఆ దేశపు మనిషే ఇవాళ మన గుమ్మంలోకొచ్చి నీళ్ళడుగుతోందని, ఇంతటి భాగ్యం ఎవరికి దొరుకుతుందని చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆడవాళ్ళూ తుడుచుకున్నారు. ఆ మాట బావి అవతల వడ్డెరిళ్ళకి కూడా పాకింది.

ఇంక చెప్పాలా? సోమవారం తెల్లవారకముందే పాలెంలో ఆడవాళ్ళంతా బిందెలెత్తుకుని నాగులేటికి నడిచారు. ముందు నడిచింది వడ్డెర నరసయ్య పెళ్ళాం చెన్నమ్మ. ఆమె వెనకే రూతమ్మ. బావికి అటొకటి ఇటొకటి, ఇద్దరివీ ఎదురెదురు ఇళ్ళు. వదినా అంటే వదినా అనుకునేవాళ్ళు.

ఎలిషెవ పది గంటలకొచ్చింది. ప్రతి ఇంట్లోనూ చుట్టాల కుండ ముందుకొచ్చింది. సీసాలు మూడుసార్లు జాడించి మరీ నిండాయి. కుండల్లోవి ఎదురుగా ఉన్న బావి నీళ్ళేననుకుని, ఆమె బావి దగ్గర వేరే సీసా పట్టలేదు. రూతమ్మ ఇంట్లో ఆమె చాప మీద కూర్చుని, దాహమని సైగ చేసి, గ్లాసుడు నీళ్ళు గటగటా తాగింది. ఊళ్ళో పెద్దకులం వాళ్ళయితే ఆ గుమ్మం ఎక్కడమే కష్టం. రూతమ్మకి గుండె నిండిపోయింది.

"ఇవేనా మీరు రోజూ తాగేది?" అని శేషగిరిరావు అడిగాడు. అడగాలి గనక అడిగాడు. ఆయన కళ్ళు అప్పటికే నోటుబుక్కు మీదున్నాయి.

"ఇవే బాబూ," అంది రూతమ్మ. చుట్టానికి చెప్పే మాట అది. అబద్ధమని ఆమెకి తట్టలేదు.

ల్యాబులో పరీక్ష చూడ్డానికి ముచ్చటగా ఉండేది. గాజు గొట్టంలో నీళ్ళు పోసి రెండు మూడు చుక్కల మందు వేస్తే నీళ్ళు ఎర్రగా, దానిమ్మ రంగులోకి వచ్చేవి. ఇరవై రెండు ఇళ్ళ నీళ్ళూ ఎర్రగానే ఉన్నాయి. ఎలిషెవ మళ్ళీ చేసింది. మళ్ళీ ఎరుపే. ఆమె మొహం రోజురోజుకీ చిన్నదవుతోంది. ఆ తర్వాత జొన్నలు తెమ్మంది, ఉప్పు తెమ్మంది, క్వారీ దుమ్ము తెమ్మంది. మూడు నెలలు అలా గడిచాయి. ఏదీ తేలలేదు.

ఒక మధ్యాహ్నం ఎర్ర నీళ్ళ గొట్టాలు కడుగుతూ రూతమ్మ యథాలాపంగా అడిగింది. "ఈ ఎరుపు మంచిదా చెడ్డదా బాబూ?"

"మంచిదే. ఆ లవణం ఉంటే ఎరుపు విరిగి పసుప్పచ్చగా మారాలి. మీ పాలెం నీళ్ళు అమృతమమ్మా. అదే వచ్చిన చిక్కు. నీళ్ళలో ఏమీ లేదని రాసి పంపేస్తోంది. వచ్చే నెల వెళ్ళిపోతుంది. రెండో ఏడు రాదు."

రూతమ్మ చేతిలోని గొట్టం జారి తొట్టిలో పడి పగిలింది. ఏడేళ్ళ ఉద్యోగంలో అదే మొదటిది.

సాయంత్రం ఇంటికెళ్ళి చెన్నమ్మని పక్కకి పిలిచింది. "వదినా, మనం ఆమెకిచ్చిన నీళ్ళు నాగులేటివి. ఆమె చూడాల్సింది మన బావి నీళ్ళు. చెప్పాల గదా."

"ఏందే నువ్వనేది?" అంది చెన్నమ్మ. "ఇన్నాళ్ళూ ఈ సవుడు నీళ్ళు తాగే బతుకుతున్నామని ఆ దేశమంతా చాటుకోమంటావా? అందరం ఒక్కటై మోసం చేశామంటది. నిన్ను పన్లోంచి పీకేస్తారు. ఊరి పరువు ఊరికే తీయమాక."

ఇన్నయ్య అడ్డు చెప్పలేదు. "నీ ఇష్టం. పనిపోతే మాత్రం నా నడుంతో ఇల్లు గడవదే," అన్నాడంతే. ఆ మాటలో అబద్ధమేముంది? పెద్ద కుండ దగ్గర నిర్మల గ్లాసు ముంచుకుని, నిలబడే తాగింది. రూతమ్మ ఆ గ్లాసు చూసింది. నోటితో చెప్పే ధైర్యం రాలేదు. అందుకని తనకి చాతనైన పని చేసింది.

మర్నాడు పొద్దున చేదబావిలో నీళ్ళు తోడి, ఆ నీళ్ళతోనే ప్లాస్టిక్కు సీసాని మూడుసార్లు జాడించి, అంచు దాకా నింపి, మూత బిగించి, ఆసుపత్రికి తీసుకెళ్ళింది. బల్ల మీద వరసలో ఇరవై రెండో సీసా పక్కన పెట్టేసింది. సీసాయే చెప్పుకుంటుంది, నేను చెప్పక్కర్లేదనుకుంది పిచ్చిది.

ఎలిషెవ ఆఖరుసారి అని పరీక్ష మొదలుపెట్టింది. వరసగా ఎరుపు, ఎరుపు, ఎరుపు. చివరి గొట్టంలో మందు చుక్కలు పడగానే ఎరుపు నిలవలేదు. చూస్తుండగానే విరిగి పసుప్పచ్చగా తేలిపోయింది. ఆమె కేకేసింది. సీసా ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసింది. పేరు లేదు, నంబరు లేదు. శేషగిరిరావుని అడిగింది. ఆయన తెల్లమొహం వేశాడు. రూతమ్మ తొట్టి వైపు తిరిగి నిలబడింది.

"ఎక్కడివో తెలియని నీళ్ళు నాకు పనికిరావంటోంది," అన్నాడు శేషగిరిరావు నిరాశగా. "పేరు లేని సీసా ఉన్నా లేనట్టేనట."

ఎలిషెవ సీసా మూత తీసి తొట్టిలోకి వంచబోయింది. రూతమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. ఎవర్నీ ఏనాడూ అలా పట్టుకున్న మనిషి కాదు.

"పారబోయమాకమ్మా. అయ్యి మా నీళ్ళు. మేం తాగేయి అయ్యే."

ఆపైన అంతా చెప్పింది. చెలమ సంగతి, చుట్టాల కుండ సంగతి, గుమ్మం పక్కన ఊసిన అయ్యగారి సంగతి కూడా. ఒక్కో ముక్కా శేషగిరిరావు ఇంగ్లీషులో చెప్పాడు. ఎలిషెవ మొహం ఎర్రబడింది. "మూడు నెలలు!" అని అరిచింది. చేతిలో పెన్సిలు విసిరికొట్టింది. బయటికెళ్ళి వేపచెట్టు కింద పావుగంట నిలబడింది. లోపల రూతమ్మ ఏడవలేదు గానీ, ఆసుపత్రి వాళ్ళిచ్చిన ఆప్రాన్ విప్పి, నాలుగు మడతలు పెట్టి, బల్ల మీద పెట్టింది.

ఎలిషెవ తిరిగొచ్చి ఆ మడత చూసింది. దాన్ని తీసి రూతమ్మ చేతిలో పెట్టింది. స్టూలు లాక్కుని కూర్చుని నెమ్మదిగా మాట్లాడింది. శేషగిరిరావు చెప్పాడు. "యుద్ధం రోజుల్లో యెరూషలేములో మనిషికి రోజుకింతని నీళ్ళు కొలిచి ఇచ్చేవారట. వాళ్ళమ్మ అప్పుడు కూడా ఇంటికెవరొచ్చినా ముందు వాళ్ళకే గ్లాసు పెట్టేదట. తప్పు తనదేనంటోంది. చుట్టంలా వచ్చి అడిగాను, చుట్టానికిచ్చేవే ఇచ్చారు అంటోంది. రేపట్నుంచి తను చుట్టం కాదట."

మర్నాడు ముందుగా చెప్పకుండా వచ్చారు. ఈసారి ప్రసంగం లేదు. బావి గట్టు మీద రూతమ్మ చేద వేసి తోడుతుంటే ఎలిషెవ పట్టుకుంది. తర్వాత ఇంటింటికీ వెళ్ళి పెద్ద కుండలు చూపించమంది. ఆడవాళ్ళు కుండకి అడ్డంగా నిలబడ్డారు. కొందరు నిజంగానే ఏడ్చారు. చెన్నమ్మ నీళ్ళిచ్చింది గానీ, రూతమ్మ మొహం చూడలేదు. ఆ తర్వాత ఏడాదిపాటు వదినా అని పిలవలేదు. ఉద్యోగం పోయినా రూతమ్మ అంత బాధపడేది కాదు.

సీసాలన్నీ పసుప్పచ్చగా మారాయి. ఎలిషెవ పది రోజులు కూర్చుని రాసి పంపింది. ఆలస్యమయిపోయింది గనక పైవాళ్ళు రెండో ఏడు పూర్తిగా ఇవ్వలేదు. ఆరు నెలలిచ్చారు. ఆ ఆరు నెలలూ ఆమె, శేషగిరిరావు, రూతమ్మ చుట్టుపక్కల పద్దెనిమిది ఊళ్ళు తిరిగారు. ప్రతిచోటా రూతమ్మ ముందుగా వంటింట్లోకి వెళ్ళి, "చుట్టాలకిచ్చేయి కాదమ్మా, మీ పిల్లలు తాగేయి చూపించండి," అని అడిగేది. అలా అడగాలని ఏ చదువులోనూ లేదని ఎలిషెవ అనేది.

వెళ్ళేముందు ఎలిషెవ నిర్మల మోకాళ్ళు మరోసారి కొలిచి చెప్పింది. పళ్ళ మీది చారలు పోవు. ఇన్నయ్య నడుం తిరిగిరాదు. పిల్ల ఎముకలు ఇంకా పెరుగుతున్నాయి గనక, ఆ బావి నీళ్ళు ఒక్క చుక్క తాగకపోతే కాళ్ళు ఇంతకన్నా వంగకపోవచ్చు. రూతమ్మ ఆమెని కావలించుకుని ఏడ్చింది. ఆమె కూడా ఏడ్చింది. అరవై రెండులో వెళ్ళిపోయిన ఆ మనిషి మళ్ళీ ఈ దేశం రాలేదు.

ఆ రోజు ఇంటికొచ్చి రూతమ్మ చుట్టాల కుండ మూత తీసి నిర్మల ముందు పెట్టింది. "ఇయ్యాల్టి నించి ఇది నీదే. పెద్ద కుండ జోలికి పోయావంటే చెయ్యి విరగ్గొడతా."

"చుట్టాలొస్తే ఏం మొహం పెట్టుకుంటావే?" అన్నాడు ఇన్నయ్య.

"ఉన్న మొహమే," అంది రూతమ్మ.

నాలుగు రోజులకి సరిపడే బిందె పిల్లకి ఎన్నాళ్ళొస్తుంది? రోజు విడిచి రోజు, పనికెళ్ళే ముందు, రానూపోనూ ఆరు మైళ్ళు నడిచేది. వానొచ్చినా, జ్వరమొచ్చినా మానలేదు. ఎవరొచ్చినా బావి నీళ్ళే ఇచ్చేది. ఒకసారి సొంత అన్న బెల్లంకొండ నుంచి వచ్చి, ఆ నీళ్ళు తాగి, మర్యాద తెలియని ఇల్లని అలిగి వెళ్ళాడు. వెళ్ళనిచ్చింది.

ఎలిషెవ పని అచ్చయి ఆసుపత్రికొచ్చింది. దాన్ని జతచేసి పెద్ద డాక్టరమ్మగారూ శేషగిరిరావూ అర్జీ మీద అర్జీ పెట్టారు. అరవై ఆరులో పంచాయతీ సమితి ఇంజనీరు త్రికోటేశ్వరరావు పాలెం చూడ్డానికి వచ్చాడు. పాలేనికి కుళాయి వచ్చింది ఆ తర్వాత ఇంకో రెండేళ్ళకి. కానీ రూతమ్మ కథకి కుళాయి కన్నా ఆ రోజే ముఖ్యం.

మండుటెండ. ఇంజనీరు రూతమ్మ వసారాలో కుర్చీలో కూలబడి, రుమాలుతో మెడ తుడుచుకుంటూ, "కొంచెం మంచినీళ్ళు," అన్నాడు. ఆ మాట కోసమే కాచుకున్నట్టు చెన్నమ్మ ఎదురింట్లోంచి తళతళలాడే గ్లాసుతో పరుగున వచ్చింది. అవి నాగులేటి నీళ్ళు. పెద్ద ఆఫీసరు, ఊరి పరువు! జ్ఞానయ్య కూడా తలూపుతున్నాడు.

రూతమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "వదినా, వద్దు. ఈ ఒక్కసారికి నా మాట విను."

చెన్నమ్మ ఆగింది. రూతమ్మ వంక చూసింది, ఆ వెనక పలకాపుస్తకాలతో నిలబడ్డ పన్నెండేళ్ళ నిర్మల కాళ్ళ వంక చూసింది. మోకాళ్ళు ఇంకా కొంచెం దగ్గరగానే ఉన్నాయి, కానీ అయిదేళ్ళ కిందట ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి. ఆ బావి నీళ్ళే తాగి ఏటికేడు వంగుతున్న తన కొడుకు కాళ్ళు చెన్నమ్మ తలుచుకుందేమో. గ్లాసు కొంగు చాటున పెట్టుకుని వెనక్కి జరిగింది.

రూతమ్మ పెద్ద కుండలోంచి నిండా ముంచి ఇంజనీరుకిచ్చింది. ఆయన ఒక పెద్ద గుక్క పుచ్చుకున్నాడు. మొహం మారిపోయింది. మింగలేడు, ఇంతమంది ఎదుట ఊయలేడు.

"ఊసెయ్యండి సార్, ఏం కాదు," అంది రూతమ్మ. "ఆ గుమ్మం పక్కన ఊయండి. ఎనకటికొక అయ్యగారు కూడా ఆడే ఊశారు. మేం రోజూ తాగేయి ఇయ్యే."

ఆయన ఊశాడు. నోరు తుడుచుకుని లోపలికి చూశాడు. మూలలో తడిగుడ్డ చుట్టి, మూత పెట్టిన చిన్న కుండ కనిపించింది.

"మరి ఆ కుండలో నీళ్ళు మంచివేనా?"

"చానా మంచియ్యి సార్."

ఇంజనీరు ఆశగా గ్లాసు చాపాడు. రూతమ్మకి ఆ క్షణాన నిజంగానే జాలేసింది, ఎంత దూరం నుంచో వచ్చిన మనిషి. అయినా ఆ గ్లాసుని మర్యాదగా రెండు చేతులా అందుకుని కింద పెట్టేసింది.

"అయ్యి మా పిల్లయ్యి సార్," అంది.